క్రెడిట్ కార్డు మీద నడిచిన చిట్టీ

బ్యాంకులో పనిచేసి రిటైరయ్యానంటే జనం నన్ను కొంచెం గౌరవంగా చూస్తారు. ఏ సెక్షన్ అని అడిగి తెలుసుకున్నాక ఆ గౌరవాన్ని మెల్లగా వెనక్కి తీసుకుంటారు. చివరి పదేళ్లు నేను హనుమకొండలో క్రెడిట్ కార్డుల బకాయిలు వసూలు చేసే పనిలో ఉన్నాను. మిగతా ఉద్యోగుల దగ్గరికి జనం వచ్చేవాళ్లు. నేను మాత్రం జనం దగ్గరికి పోయేవాడిని. పోతే వాళ్లు ఇంట్లో లేమని చెప్పేవాళ్లు. చాలాసార్లు ఇంట్లోంచే చెప్పేవాళ్లు.

కట్టేవాళ్లు బిల్లు కడతారు, కట్టనివాళ్లు కట్టుకథలు చెబుతారు, ఈ రెండు రకాల మధ్య టై కట్టుకుని తిరగడం నా ఉద్యోగం. ఇందులో ఎలా పైకి రావాలో నన్ను అడక్కండి. హాస్టళ్ల మెట్లెక్కడం తప్ప నేను పైకి వచ్చింది లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకూ, కాలేజీలో ఉండగానే చేతికి కార్డు వచ్చిన పిల్లలకూ పనికొస్తాయేమోనని కొన్ని సంగతులు రాస్తున్నాను. వీళ్లూ వాళ్లూ ఏదో ఒకరోజు ఒకే తలుపుకు అటొకరు ఇటొకరు నిలబడేవాళ్లే కాబట్టి ఇద్దరికీ కలిపే రాస్తున్నాను.

గంభీరమైన మొహం

మా మేనేజరు సుధాకర్ గారు వయసులో నాకంటే బాగా చిన్న. ఆయనకు నా పనితో పేచీ లేదు, నా మొహంతోనే పేచీ.

"మీ మొహం జూస్తె ఎవలికన్న పైసలు కట్టబుద్ధయితదా సార్? కష్టం జెప్పుకోబుద్ధయితది. జర గంభీరంగ ఉండున్రి," అనేవారు.

నేను అద్దం ముందు నిలబడి గంభీరం సాధన చేశాను. మా ఆవిడ చూసి, పన్ను నొప్పేమోనని లవంగం తెచ్చి చేతిలో పెట్టింది. మర్నాడు అదే మొహంతో కాజీపేటలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడి గదికి వెళ్లాను. తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసి, కుర్చీ జరిపి, "కడుపుల మంటనా సార్? మజ్జిగున్నది, తాగుతరా?" అన్నాడు.

తాగాను. మంచి మజ్జిగ.

అతనికి మూడు కార్డులున్నాయి. మొదటి కార్డు బిల్లు కట్టడానికి రెండో కార్డు ఏటీఎంలో పెట్టి నగదు తీసేవాడు. రెండోదాని బిల్లుకు మూడోది. మూడోదానికి మళ్లీ మొదటిది. ఏడాదిగా కొత్తగా ఒక్క వస్తువు కొనలేదు, అప్పు మాత్రం దానంతటదే ఒళ్లు చేస్తోంది.

"అసలు మొదలు కొన్నదేంది బిడ్డా?"

"హెడ్‌ఫోన్లు సార్."

"ఏవి, చూపియ్యి."

"ఎప్పుడో పోయినయి సార్. బస్సుల మర్శిపోయిన."

కార్డు మీద సరుకు కొంటే, పాత బకాయి ఏమీ లేనప్పుడు, బిల్లు గడువు దాకా వడ్డీ ఉండదు. నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, తీసినందుకు రుసుము అదనం. ఈ ముక్క చెబితే అతను నోరు తెరిచి, "గిది ముందుగాల ఎవలన్న జెప్తె మంచిగుండు గద సార్," అన్నాడు. నిజమే. చెప్పాల్సింది మేమే. కార్డు అంటగట్టేటప్పుడు మేం చెప్పేది సినిమా టికెట్ల మీద తగ్గింపు గురించి. గీకేటప్పుడు హాయిగా ఉంటుందని మాత్రమే చెబుతాం. దురద కూడా గీకేటప్పుడు హాయిగానే ఉంటుంది.

ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్లకు నా మొదటి సలహా: గంభీరమైన మొహం కొనుక్కోకండి. మజ్జిగ ఇస్తే తాగండి. కాలేజీ పిల్లలకు సలహా: ఒక కార్డు చాలు, అది కూడా ఎక్కువే.

నెక్కొండలో నేను బాకీ పడిన విధం

అసలు రాయాలనుకున్నది స్రవంతి అనే అమ్మాయి గురించి. డిగ్రీ చదివే రోజుల్లో, కాలేజీ మైదానంలో మావాళ్లు వేసిన టెంటు దగ్గర ఆమె కార్డు తీసుకుంది. కార్డు తీసుకున్నవాళ్లకు భుజానికి తగిలించుకునే సంచి ఉచితం. ఆదాయం ఎక్కడిదన్న చోట మా కుర్రాడు "ట్యూషన్లు" అని రాశాడు. ఆమె పక్కింటి పిల్లకు ఎక్కాలు నేర్పిన మాట వాస్తవమే. అది కూడా ఉచితం.

నలభై వేల పరిమితి. మొదటి ఎనిమిది నెలలు కట్టాల్సిన కనీస మొత్తం గడువు కంటే ముందే కట్టేది. అంత నిక్కచ్చి మనిషి మా ఖాతాదారుల్లో ఇంకొకరు లేరు. తర్వాత ఒక్కసారిగా, కత్తిరించినట్టు, ఆగిపోయింది. ఏడాది దాటింది. ఫోన్ నంబరు పనిచేయలేదు. ఉత్తరాలు హాస్టల్ నుంచి తిరిగొచ్చాయి. వడ్డీలూ ఆలస్యానికి రుసుములూ కలిసి బకాయి అరవై నాలుగు వేలయింది. సొంతూరు నెక్కొండ అని తెలిసి రైలెక్కాను.

వాళ్లది కిరాణా దుకాణం. తండ్రి గల్లా దగ్గర కూర్చుని ఉన్నారు. ఒకరి అప్పు సంగతి ఇంకొకరి ముందు ఎత్తకూడదు, కన్నతండ్రి ముందైనా సరే. ఇది మా పనిలో నియమం, దీన్ని తప్పేవాళ్లను నేను మనుషుల్లో లెక్కపెట్టను. కాబట్టి అమ్మాయి కనబడేదాకా నేను సరుకులు కొనేవాడిలా నిలబడాలి.

"ఏం గావాలె సార్?"

"చింతపండు."

జోకి పొట్లం కట్టారు. అమ్మాయి జాడ లేదు.

"ఇంకేమన్న?"

"బెల్లం."

బెల్లం వచ్చింది, అమ్మాయి రాలేదు. పెసరపప్పు అడిగాను, ఎండుమిర్చి అడిగాను. అడగడానికి వంటింటి వస్తువులు అయిపోయాయి. మా ఆవిడతో బజారుకు పోనందుకు మొదటిసారి బాధపడ్డాను. చూరుకు కొబ్బరితాడు చుట్ట వేలాడుతుంటే అది చూపించాను.

"బాయికా సార్?"

"ఆఁ, బాయికే."

"ఎంత లోతున్నది?"

మేముండేది అపార్టుమెంటులో, మూడో అంతస్తు. "మస్తు లోతు," అన్నాను. ఆయన చుట్ట మొత్తం దించారు.

అప్పుడొచ్చింది స్రవంతి, లోపల్నుంచి తండ్రికి చాయ్ తీసుకుని. ఈలోపు ఆయన లెక్క తేల్చారు. జేబులో తిరుగు టికెట్టుకు సరిపడా ఉన్నాయి. ఫోన్‌తో చెల్లిద్దామంటే సిగ్నల్ లేదు. ఫోను పైకెత్తి, పక్కకు వంచి, దుకాణం బయటికీ లోపలికీ తిరిగాను.

"ఫికర్ జెయ్యకున్రి సార్," అన్నారాయన. "రాస్కుంట. మల్లొచ్చినప్పుడు ఇయ్యున్రి. పేరు జెప్పున్రి."

వసూలుకు పోయిన నేను బాకీ పడి బయటికొచ్చాను. పైగా ఆయన కూతురితో, "తాడు బరువున్నది బిడ్డా, సార్‌ను టేషన్ దాక దిగబెట్టిరాపో," అన్నారు. ఆ తాడు కొనడం నా వృత్తి జీవితంలో చేసిన తెలివైన పని. అనుకుని చేయలేదంతే.

"చిట్టీ ఖతమైంది గద సార్"

దారిలో నా గుర్తింపు కార్డు చూపించి వచ్చిన పని చెప్పాను. భయపడుతుందనుకున్నాను. ఆమె తాడు చుట్ట భుజం మార్చుకుని, "అది ఖతమైంది గద సార్," అంది.

"ఏం ఖతమైంది?"

"చిట్టీ. మిఠాయి గూడ పంచుకున్నం."

చిట్టీ అంటే వరంగల్ వాళ్లకు విడమరచక్కర్లేదు, దూరపు పాఠకుల కోసం చెబుతున్నాను. కొందరు కలిసి నెలనెలా తలా ఇంత వేస్తారు. ఆ మొత్తం ఎవరికి అవసరమో వాళ్లు పాట పాడతారు, అంటే "ఇంత తగ్గించుకుని తీసుకుంటా" అంటారు. ఎక్కువ తగ్గించుకున్నవాళ్లు ఆ నెల చిట్టీ లేపుతారు. తగ్గిన మొత్తం అందరికీ లాభం. అందరూ ఒక్కోసారి లేపాక చిట్టీ ముగుస్తుంది. ఇళ్లు కట్టడం, పెళ్లిళ్లు చేయడం మా దగ్గర దీనితోనే.

స్రవంతి హాస్టల్ గదిలో ఎనిమిది మంది అమ్మాయిలు. అందరూ చిట్టీలు చూస్తూ పెరిగినవాళ్లే. ఒకరి చేతికి నలభై వేల కార్డు వచ్చింది. దాన్ని ఏం చేయాలి? వాళ్లకు తెలిసిన పద్ధతి ఒక్కటే. నలభై వేలను ఎనిమిదితో భాగించి, నెలకు ఐదు వేల చిట్టీ పెట్టారు. ప్రతినెలా పాట. ఒకమ్మాయి ఏడు వందలు తగ్గించుకుని లేపిందనుకోండి, కార్డు మీద నాలుగు వేల మూడు వందలకు తనకు కావాల్సింది కొనుక్కునేది. మిగిలిన ఏడు వందలకు అందరూ కలిసి అదే కార్డు మీద బిర్యానీ తినేవాళ్లు. అది లాభం. బ్యాంకు పంపే బిల్లులో "కనీస మొత్తం" అని ఉండేది కదా, దాన్ని వాయిదా అనుకుని ఎనిమిది మంది సమానంగా వేసి కట్టేవాళ్లు. చిట్టీ నడిపే బాధ్యత మరిపెడ నుంచి వచ్చిన రజితది. ఆమెకు కమీషన్, నెలకొక మసాలా దోశ.

"జమానతు గూడ తీసుకున్నం సార్," అంది స్రవంతి గర్వంగా. లేపినవాళ్లు మధ్యలో ఎగ్గొట్టకుండా తలా ఒక వస్తువు ఒక పెట్టెలో పెట్టారట. ఇస్త్రీపెట్టె, వెండి పట్టీలు, కబడ్డీ పతకం, చిన్న కుక్కరు. మా బ్యాంకు ఆ కార్డుకు తీసుకున్న జమానతు ఏమీ లేదు, ఎదురు సంచి ఇచ్చింది.

ఎనిమిదో నెల ఆఖరి అమ్మాయి లేపింది. అందరి వంతూ అయిపోయింది. చిట్టీ ముగిసినప్పుడు చేసినట్టే మిఠాయి తెచ్చుకున్నారు, ఎవరి జమానతు వాళ్లకు తిరిగిచ్చారు. ఎవరూ దుర్వినియోగం చేయకుండా కార్డును కత్తెరతో ఎనిమిది ముక్కలు చేసి, జ్ఞాపకంగా తలా ఒకటి తీసుకున్నారు. చదువు అయిపోయింది, హాస్టల్ ఖాళీ చేశారు, ఫోన్ నంబరు మార్చారు. బిల్లులు మాత్రం ఖాళీ గదికి వస్తూనే ఉన్నాయి.

కార్డు కత్తిరిస్తే ప్లాస్టిక్ తెగుతుంది, అప్పు తెగదు. బాకీ మొత్తం కట్టి, మూసేయమని బ్యాంకుకు రాసి, మూసినట్టు కాగితం చేతికి తీసుకుంటేనే కార్డు ముగిసినట్టు. నంబరు మారితే ముందు చెప్పాల్సింది స్నేహితులకు కాదు, బ్యాంకుకు. ఆ కనీస మొత్తం మాట కూడా సరిగా వినండి. అది కట్టిన నెల మీకు ఆలస్య రుసుము పడదు, అంతే. మిగిలినదాని మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కనీసం కట్టినవాడు కనీసం వడ్డీ సంగతైనా అడగాలి.

ఇదంతా స్టేషన్ బెంచీ మీద చెబితే, ఆమె నవ్వుతూ విన్నది కాస్తా మెల్లగా తాడు కింద పెట్టింది.

"సార్, వచ్చే నెల నాకు జాయినింగున్నది."

పోటీ పరీక్ష రాసి గుమాస్తాగా ఎంపికైంది. ఎక్కడో కాదు, బ్యాంకులో. మా బ్యాంకు కాదు, ఇంకోటి. వాళ్లు పంపిన నియమాల్లో ఒక వాక్యం ఉంది: చేరే రోజుకు అభ్యర్థి అప్పుల రికార్డు శుభ్రంగా ఉండాలి, లేదా బాకీ లేదని అప్పిచ్చిన బ్యాంకు ఉత్తరం తేవాలి. తేకపోతే ఎంపిక రద్దు. ఆ వాక్యం తనకు కాదనుకుని ఆమె దాటేసింది, తనకు అప్పే లేదు కదా.

"బాపుకు జెప్పకున్రి సార్. నా ఉద్యోగం వచ్చిందని దుకాణం ముంగట అట్ట డబ్బ మీద రాసి పెట్టిండు."

రైలొచ్చింది. నేనూ తాడూ ఎక్కాం.

నాలుగు మండలాల కార్డు

సుధాకర్ గారికి వివరం చెప్పాను. ఆయన మొదటి ప్రశ్న, "కార్డేది?"

"నాలుగు మండలాల్ల ఉన్నది సార్," అన్నాను.

నెలాఖరు దగ్గరపడుతోంది. ఆయనకు కావాల్సింది ఫైలు మూసెయ్యడం. "సగం కట్టుమనున్రి. ముప్పై రెండు వేలు. రాజీ కింద ఖతం జేద్దాం. పిల్లలు సంబరపడ్తరు, మన టార్గెట్ అయితది," అన్నారు. చెడ్డ మనిషి కాదు. ఆయన పైవాళ్లు ఆయన్ని అడిగేది ఎన్ని ఫైళ్లు మూశావనే గానీ ఎలా మూశావని కాదు.

కానీ ఆ తగ్గింపు వెనక సంగతి నాకు తెలుసు. సగం కట్టి ఒప్పందం చేసుకుంటే రికార్డులో "రాజీ" అని పడుతుంది. మొత్తం కడితే "ముగిసింది" అని పడుతుంది. రాజీ అంటే బాకీ తీరిందని కాదు, బ్యాంకు విసిగిందని. ఇంకో బ్యాంకు ఆ మాట చదివితే ఆ అమ్మాయిని గుమ్మంలోంచే పంపేస్తుంది. సగం డబ్బు మిగిలి మొత్తం ఉద్యోగం పోతుంది.

"రాజీ వద్దు సార్," అన్నాను.

"వసూలు సెక్షన్ల ఉండి తగ్గింపు వద్దంటాన్రా? మీరు ఎవలి దిక్కు సార్?"

ఎవరి దిక్కో నాకూ స్పష్టంగా తెలియలేదు. ఆయన మాత్రం ఆగలేదు, స్రవంతి కొత్త నంబరుకు ఫోన్ చేసి సగం కడితే చాలని చెప్పేశారు.

తొమ్మిదో మెంబరు

స్రవంతి కబురు పెడితే ఆదివారం హనుమకొండలో ఒక పార్కులో ఎనిమిది మందీ కలిశారు, నేనూ వెళ్లాను. ఏడుగురు మనుషులుగా, ఒకరు ఫోన్లో. ఫోన్లో ఉన్నది డోర్నకల్ స్వప్న. ల్యాబులో డ్యూటీ ఉండి రాలేదు. ఆమె మొహం కనబడేలా ఫోనును మిక్చర్ పొట్లానికి ఆనించి నిలబెట్టారు. పొట్లం తింటున్నకొద్దీ ఆమె వెనక్కి వాలేది.

స్రవంతి వచ్చీ రాగానే, "సార్, బాపు అడుగుమన్నడు, ఆ తాడు బాయికి సరిపోయిందా అని," అంది.

వెంటనే జేబులోంచి తీసి సరుకుల డబ్బు మొత్తం ఆమె చేతిలో పెట్టాను. అంత మర్యాదగా నా దగ్గర ఎవరూ వసూలు చేయలేదు. కొత్తవాళ్లు ఆ తాడు ప్రశ్న కంఠస్థం చేయండి.

తర్వాత రజిత మొదలుపెట్టింది. ఆమె ఇప్పుడు మరిపెడలో ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది, గొంతులో బెత్తం ఉంది.

"సార్, మీ మేనేజర్ సారు ముప్పై రెండు వేలకే ఖతమన్నడు. మీరు అరవై నాలుగంటాన్రు. నడుమ సగం ఎవలి జేబులకు పోతది సార్?"

"ఎవల జేబులకు పోదు బిడ్డా. తగ్గిచ్చుకుంటె స్రవంతి నౌకరి పోతది."

"తగ్గుతాందంటె వద్దనే బ్యాంకాయనను ఇయ్యాల్నే జూస్తాన్న," అంది మిక్చర్ మీంచి స్వప్న. "అక్కా, గాయిన ఐడీ మల్లోపారి జూడున్రి."

మళ్లీ చూశారు. ఫొటోలో నేను గంభీరంగా ఉన్నాను, అది అనుమానం పెంచింది.

రాజీకీ ముగింపుకూ తేడా రెండుసార్లు చెప్పాను. ఆఖరికి ఒప్పుకున్నారు, తలా ఎనిమిది వేలు అని తేలింది. తేలగానే గొడవ. మొదట లేపిన అమ్మాయి, "నేను తొమ్మిది వందలు తగ్గిచ్చుకోని లేపిన, నేను అప్పుడే నష్టపోయిన," అంది. స్వప్నది దానికి ఎదురువాదం.

"నేను అందరికంటె ఆఖర్ల లేపిన సార్. ఎనిమిది నెలలు ఓపిక పట్టిన. వాయిదాలన్ని కట్టిన. చిట్టీల ఓపిక పట్టినోళ్లకు లాభం వస్తది గని దండుగ పడ్తదా?"

చిట్టీ న్యాయం ప్రకారం ఆమె మాటలో తప్పులేదు. అదే నా కష్టం. వడ్డీ చెప్పాను, చక్రవడ్డీ చెప్పాను, ఎవరికీ ఎక్కలేదు. వాళ్ల దృష్టిలో ఎవరూ బాకీ లేరు, అందరూ వాయిదాలు కట్టారు. మరి బాకీ ఎక్కణ్నుంచి వచ్చింది? నాకూ ఒక క్షణం అయోమయమైంది.

"స్వప్నా, జర ఆగవే," అంది రజిత. వేళ్లు మడుస్తోంది. "చిట్టీల ఒకలు లేపిన పైసలు మిగిలినోళ్లు ఏసినయి. మన దాంట్ల మనం లేపినయి ఎవలేసిన్రు?"

"బ్యాంకు."

"అంటె మనం ఎనిమిది మందిమి గాదు. తొమ్మిది మందిమి. తొమ్మిదో మెంబరు బ్యాంకు. అన్ని నెలలు అదే ఏసింది. ఒక్కపారి గూడ లేపలే."

స్వప్న ఫోను పూర్తిగా వెల్లకిలా పడింది, ఎవరో లేపి నిలబెట్టారు.

"మనం దాని వంతు రాకముందే మిఠాయి పంచుకోని ఉరికినం," అంది రజిత. "నా చిట్టీల గసొంటిది ఎన్నడు జరగొద్దు. ఇప్పుడు దాని వంతు. పాట లేదు, తగ్గింపు లేదు. పూర మొత్తం లేపుతది."

నేను పదేళ్లు చెప్పలేని విషయం అది. వడ్డీ అంటే వినని పిల్లలు వంతు అంటే విన్నారు.

చేతిలో అంత లేనివాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లకోసం అక్కడే కొత్త చిట్టీ కట్టారు, ఈసారి సొంత జీతాల్లోంచి, కార్డు వాసన లేకుండా. మొదటి నెలది పాట లేకుండా అవసరమున్నవాళ్లే పంచుకోవాలి. ఇంటి చిట్టీల మీద చట్టానికి కొన్ని అభిప్రాయాలున్నాయి. నేను ఆ సమయంలో మిక్చర్ తింటున్నానని మనవి.

స్వప్న వాటా

ఏడు వాటాలు వారంలో వచ్చాయి. స్వప్నది రాలేదు. స్రవంతి రోజూ ఫోన్ చేసేది. "తొమ్మిదో మెంబరు మాట మంచిగనే ఉన్నది, గని నా ఓపిక లెక్క ఎవలు జూస్తరు?" అని స్వప్న అదే మాట. చేరే తేదీ ముంచుకొస్తోంది. ఎనిమిది వేలు తక్కువైతే యాభై ఆరు వేలు కట్టినా "ముగిసింది" అనే మాట పడదు. సుధాకర్ గారు రోజూ నా బల్ల దగ్గర ఆగి, "రాజీ జేస్తె ఈ పాటికి అయిపోతుండె," అని పోయేవారు.

ఆ ఎనిమిది వేలు నా జేబులోంచి వేద్దామా అనిపించింది. వేయలేదు. వసూలు మనిషి ఒకసారి సొంత డబ్బు వేస్తే ఆ వార్త హాస్టళ్లన్నిటికీ పాకుతుంది. ఇది పిసినారితనం అనుకుంటే అనుకోండి, ఆ వారం నాకూ నిద్ర సరిగా లేదు.

చేరాల్సిన రోజుకు రెండు రోజుల ముందు స్వప్న రైలు దిగి నేరుగా మా శాఖకే వచ్చింది, ల్యాబు కోటుతోనే. డబ్బు బల్లమీద పెట్టి చెయ్యి తీయలేదు.

"ఒక్క మాట సార్. కొత్త చిట్టీల నేను ఆఖర్ల లేపుత. ఈపారి నా లాభం నాకు రావాలె. మీరు గవా."

"ఆఁ, సాక్షిని నేనే."

"నెలనెల పాటకు మీరే వచ్చి కూసోవాలె."

"వస్త."

చెయ్యి తీసింది. ఆ రోజే ఖాతా మూశాం, బాకీ ఏమీ లేదనీ ఖాతా ముగిసిందనీ ఉత్తరం ముద్ర వేసి ఇచ్చాం. రికార్డుల్లో ఆ మాట మారడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి చేతిలో ఉత్తరం ఉండాలి.

సుధాకర్ గారు ఫైలు తిరగేసి, "మొత్తం ఎట్ల వసూలు జేసిన్రు సార్?" అన్నారు.

"తగ్గించుకోవద్దని బతిమాలిన సార్," అన్నాను. ఆయన దాన్ని నివేదికలో ఎలా రాశారో నాకు తెలియదు.

చేరే రోజు

ఆ ఉదయం నేను ఏ పనీ చేయలేదు. మధ్యాహ్నం దాటాక స్రవంతి ఫోన్ వచ్చింది. వెనక నోట్లు లెక్కపెట్టే యంత్రం చప్పుడు.

"ఈడి మేనేజరు ఉత్తరం తీసుకున్నడు సార్. తీసుకోని, డిగ్రీ పిల్లవు, అరవై నాలుగు వేల అప్పెందుకు జేసినవని అడిగిండు. నేను అబద్ధం ఆడలే. చిట్టీ సంగతి మొత్తం జెప్పిన. బిర్యానీ సంగతి గూడ."

"బిర్యానీ ఎందుకు జెప్పినవు బిడ్డా! ఏమన్నడు?"

"కళ్లద్దాలు తీసి తుడ్సుకున్నడు. ఇప్పుడు నడుస్తాన్న చిట్టీ ఎవల పైసలతోని అన్నడు. మా సొంత జీతాలతోని అన్న. ఎంతమందన్నడు. చెప్పిన. అటు ఇటు జూసి, నిమ్మళంగ, మీ దాంట్ల ఇంకో జాగ ఉన్నదా అన్నడు."

"మరి నువ్వేమన్నవు?"

"ముందుగాల నా జాయినింగు మీద సంతకం పెట్టున్రి సార్, గప్పుడు మాట్లాడుదాం అన్న."

"పెట్టిండా?"

"పెట్టిండు సార్."